ఈ-మెయిల్ చిరునామా: వ్యాకరణం, ఆబ్జెక్ట్ రూపం, తెలుగు పేరు - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఈ-మెయిల్ చిరునామాను ప్రోగ్రాములు రెండు విధాలుగా గ్రహిస్తున్నాయి. ఒకటి, దానిని వట్టి అక్షరాల వరుసగా చూసి ముందే అనుకొన్న ఒక నమూనాతో సరిపోల్చడం. రెండవది, వ్యాకరణం ప్రకారం విడదీసి, భాగాలు గల ఒక ఆబ్జెక్టుగా నిలుపుకోవడం. ఈ రెండు పద్ధతులూ 'అక్షరం', 'పేరు' అనే భావనలను గురించి కొన్ని నిర్ణయాలు చేస్తాయి. తెలుగు లిపిలో రాసిన పేరు ఆ నిర్ణయాల వల్ల ఏమవుతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఆర్‌ఎఫ్‌సీ పత్రాలు, పెర్ల్ భాషలోని ఈమెయిల్-అడ్రస్ మాడ్యూల్, పైథాన్ భాషలోని అడ్రస్ క్లాస్ ఇందుకు ప్రధాన ఆధారాలు.

కీలకపదాలు: ఈ-మెయిల్ చిరునామా, పార్సింగ్, ఆబ్జెక్ట్, యూనికోడ్, గుణింతం, ఇంటిపేరు, అక్షరం.

1. ప్రవేశిక

తెలుగు శాఖలలో కంప్యూటరును గురించిన చర్చ సాధారణంగా ఫాంట్లు, కీబోర్డులు, యంత్రానువాదం, నిఘంటు నిర్మాణం అనే దారులలోనే సాగుతుంది. ప్రోగ్రామును ఒక పాఠంగా చదివి, దానిలో దాగిన భాషాభావనను విమర్శకు పెట్టడం అరుదు. నిజానికి ప్రోగ్రాము కూడా రచనే. దానికి కర్తలున్నారు, పాఠాంతరాలున్నాయి, పరిష్కర్తలున్నారు, వ్యాఖ్యానాలున్నాయి. 'ఏది అక్షరం', 'ఏది పేరు' అన్న ప్రశ్నలకు అది సమాధానాలు చెప్తుంది. చెప్తున్నట్టు మాత్రం పైకి కనిపించదు. ఆ సమాధానం తప్పయినప్పుడు నష్టపోయేది ఆ ప్రోగ్రాము రాసినవారు కాదు, తన పేరు తన లిపిలో రాసుకోదలచినవారు.

ఈ పరిశీలనకు తీసుకొన్న వస్తువు చాలా చిన్నది. 1971లో రే టామ్లిన్‌సన్ మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ @ గుర్తును ఉంచిన నాటి నుంచి ఈ-మెయిల్ చిరునామా ఆకారం పెద్దగా మారలేదు. 1982 ఆగస్టులో డేవిడ్ క్రాకర్ రచించిన ఆర్‌ఎఫ్‌సీ 822 దానికి వ్యాకరణం చెప్పింది. 2001లో 2822, 2008లో 5322 సంఖ్యలు గల పత్రాలు ఆ వ్యాకరణాన్ని సంస్కరించాయి. 2012 ఫిబ్రవరిలో వెలువడిన 6530, 6531, 6532, 6533 పత్రాలు చిరునామాలోని రెండు భాగాలలోనూ ప్రపంచ లిపులన్నింటికీ చోటు కల్పించాయి. అంటే శాస్త్రరీత్యా తెలుగు లిపిలోని ఈ-మెయిల్ చిరునామా సాధువై పుష్కరకాలం దాటింది. అయినా ఉద్యోగ దరఖాస్తులోనో పరీక్ష రుసుము చెల్లించే పుటలోనో అలాంటి చిరునామా రాస్తే 'సరైన ఈ-మెయిల్ ఇవ్వండి' అనే ఎర్ర అక్షరాల వాక్యం ఎదురుకావడానికే అవకాశం ఎక్కువ. సాధువైన రూపాన్ని అసాధువని తీర్పు చెప్పే ఆ వాక్యం ఏ వ్యాకరణం నుంచి పుట్టింది? ఈ వ్యాసం వెతికేది దానినే.

2. సూత్రాలు, ఆర్షప్రయోగాలు

ఆర్‌ఎఫ్‌సీ పత్రాలలోని వ్యాకరణం సూత్రరూపంలో ఉంటుంది. ప్రతి సూత్రమూ ఒక సంజ్ఞను ఎడమవైపు నిలిపి, అది వేటితో ఏర్పడుతుందో కుడివైపు చెప్తుంది. ఈ లేఖన పద్ధతికి మూలమైన బాకస్ రూపానికి 'పాణిని-బాకస్ రూపం' అని పేరు పెట్టాలని పి. జెడ్. ఇంగర్మన్ 1967లో ఒక చిన్న లేఖలో ప్రతిపాదించారు. ఈ సంగతిని మన వ్యాసాలలో గర్వకారణంగా ఉదాహరించి వదిలేయడం పరిపాటి. పోలికను ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్తే తప్ప దాని వల్ల ప్రయోజనం లేదు.

చిరునామా అంటే స్థానికభాగం, @ గుర్తు, డొమైన్. స్థానికభాగం మూడు రూపాలలో ఉండవచ్చు: చుక్కలతో కలిసిన పదాలుగా, కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న వాక్యఖండంగా, లేదా 'పాతబడిన' రూపంగా. కొటేషన్ల నడుమ ఖాళీ ఉండవచ్చు, కామా ఉండవచ్చు, @ గుర్తు కూడా ఉండవచ్చు. అందువల్ల చిరునామాను మొదటి @ దగ్గర రెండుగా కోసే ప్రోగ్రాము వ్యాకరణం చదవని ప్రోగ్రాము. ఇవి కాక కుండలీకరణాలలో వ్యాఖ్యలు రాయవచ్చు. వ్యాఖ్య లోపల మరొక వ్యాఖ్య, దాని లోపల ఇంకొకటి కూడా రావచ్చు.

ఈ మూడింటిలో 'పాతబడిన' రూపం నాకు అన్నింటికన్న ఆసక్తికరంగా తోస్తుంది. 5322 పత్రం నాలుగవ అధ్యాయం మొత్తాన్ని అలాంటి రూపాలకే కేటాయించింది. వాటిని కొత్తగా ఎవరూ పుట్టించరాదు. ఎదురైతే మాత్రం తప్పక స్వీకరించాలి. మన ఆలంకారికులకూ వైయాకరణులకూ ఇది కొత్త కాదు. పూర్వుల రచనలో లక్షణవిరుద్ధ ప్రయోగం కనబడితే దానిని ఆర్షమని గౌరవించి అర్థం చేసుకొంటాం, మనం మాత్రం అలా రాయం. చదివేటప్పటి నియమం వేరు, రాసేటప్పటి నియమం వేరు అన్న ఈ వివేకం ఆర్‌ఎఫ్‌సీ కర్తలకు ఉంది. వారి తరువాత వచ్చిన ప్రోగ్రామర్లలో చాలామందికి లేదు. వారు రాయడానికి పనికివచ్చే కఠిన నియమాన్ని తీసుకొని చదవడానికి ఉపయోగించారు. దరఖాస్తు పత్రాలలోని చాలా తిరస్కారాలకు కారణం ఈ తారుమారే.

3. నమూనాతో సరిపోల్చడం, ఆబ్జెక్టుగా విడదీయడం

చిరునామాను పరీక్షించడానికి ఎక్కువమంది వాడే సాధనం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే అక్షరాల వరుసకు ఒక నమూనా. లోపల లోపల చేరే వ్యాఖ్యలను ఎంత లోతు వరకైనా గుర్తించడం, సిద్ధాంతరీత్యా, శుద్ధమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు సాధ్యం కాదు. తెరిచిన కుండలీకరణాలు ఎన్నో, మూసినవి ఎన్నో లెక్క పెట్టుకొనే శక్తి దానికి లేదు. అయినా ఆ ప్రయత్నం జరిగింది. జెఫ్రీ ఫ్రీడెల్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లపై 1997లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథంలో చిరునామాను పట్టే నమూనా కొన్ని వేల అక్షరాల పొడవుంది. అది చదవడానికి కాదు, ఆశ్చర్యపోవడానికి.

పెర్ల్ భాషలోని ఈమెయిల్-అడ్రస్ మాడ్యూల్ దీనికీ వ్యాకరణబద్ధమైన పార్సింగ్‌కూ మధ్య నిలుస్తుంది. ఇచ్చిన పాఠంలో చిరునామాలను అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతోనే గుర్తిస్తుంది. గుర్తించిన తరువాత మాత్రం ప్రతి చిరునామానూ ఒక ఆబ్జెక్టుగా చేస్తుంది. ఆ ఆబ్జెక్టుకు 'ఫ్రేజ్' (మనిషి పేరుగా ముందు రాసే భాగం), 'అడ్రస్', 'కామెంట్' అనే అంగాలుంటాయి. అడగగానే 'యూజర్', 'హోస్ట్' అనే విభాగాలను విడదీసి చెప్తుంది. తిరిగి సరైన లేఖనరూపంలో కూర్చి ఇస్తుంది. సమాసాన్ని విగ్రహవాక్యంగా విడదీసి, మళ్లీ సమసించే పనిని ఇది పోలి ఉంది. వ్యాఖ్యల లోతుకు ఇది ఒక హద్దు పెట్టుకొంది. 2015లో నమోదైన భద్రతాలోపం ఒకటి ఈ చోటే బయటపడింది: కుండలీకరణాలను తెలివిగా పేర్చిన పాఠాన్ని ఇస్తే మాడ్యూల్ దానిని విడదీయలేక యంత్రాన్ని చాలాసేపు కట్టిపడేస్తుంది. లోతు హద్దును తగ్గించడం ఆ ప్రమాదాన్ని చాలావరకు ఆపింది గాని, వాడుకలో ఉండగల కొన్ని వ్యాఖ్యలను తప్పుగా విడదీసే స్థితిని తెచ్చింది. తరువాత వచ్చిన ఈమెయిల్-అడ్రస్-ఎక్స్‌ఎస్ మాడ్యూల్ నమూనాలను వదిలి, సీ భాషలో రాసిన పార్సర్‌ను ఆశ్రయించింది. నమూనా నుంచి వ్యాకరణానికి జరిగిన ఈ మార్పు నా దృష్టిలో కేవలం వేగానికో భద్రతకో సంబంధించినది కాదు. పాఠాన్ని దూరం నుంచి పోల్చి చూడటం మాని, దాని నిర్మాణాన్ని అనుసరించి చదవడం.

పైథాన్ భాషలో 3.3 రూపంతో ప్రయోగాత్మకంగా వచ్చి 3.6తో స్థిరపడిన అడ్రస్ క్లాస్ మరొక మెట్టు. దానిలో ప్రదర్శననామం, వినియోగదారు పేరు, డొమైన్ విడివిడి గుణాలు. వినియోగదారు పేరును కొటేషన్ గుర్తులు తొలగించి నిలుపుకొంటుంది. మళ్లీ చిరునామాగా కూర్చేటప్పుడు అవసరమైన చోట కొటేషన్లను తానే చేరుస్తుంది. అర్థం ఒకటి, దానిని కాగితం మీద పెట్టే రూపం మరొకటి అన్న భేదాన్ని ఈ క్లాస్ పాటిస్తోంది. చిరునామాను వట్టి స్ట్రింగ్‌గా మోసుకొని తిరిగే ప్రోగ్రాములో ఈ భేదానికి చోటే లేదు.

తెలుగు పేరుకు ఈ భేదంతో ఏమి సంబంధం? చాలా దగ్గరి సంబంధమే ఉంది. మనలో ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించి, చుక్క పెట్టి, తరువాత సొంత పేరు రాసుకోవడం అలవాటు. సి. నారాయణరెడ్డి అన్న పేరునే చూడండి. 5322 వ్యాకరణంలో మనిషి పేరు ఉండే భాగానికి 'ఫ్రేజ్' అని సంజ్ఞ. కొటేషన్లు లేని ఫ్రేజ్‌లో చుక్కకు చోటు లేదు. చుక్క చిరునామాలోని పదాలను కలిపే గుర్తు కనుక, పేరులో కూడా దానిని అనుమతిస్తే ఎక్కడ పేరు ముగిసి ఎక్కడ చిరునామా మొదలైందో విడదీయడం కష్టమని పత్రమే చెప్తుంది. వాడుకలో చుక్కలున్న పేర్లు విస్తారంగా కనబడటం వల్ల వాటిని 'పాతబడిన' రూపాల కింద చేర్చి స్వీకరించమంది. నిజానికి అది పాతదీ కాదు. అంతకు ముందు ఏ పత్రమూ దానిని ఒప్పుకోలేదని ఆ పత్రమే అంగీకరిస్తుంది. ఆర్షం కాని దానికి ఆర్షగౌరవం ఇచ్చారన్నమాట. ఏమైనా పొడి అక్షరం గల తెలుగువారి పేరు, కఠిన వ్యాకరణం ప్రకారం, కొటేషన్ల మధ్య ఉంటేనే సాధువు. 1996 నాటి 2047 పత్రం చెప్పిన పద్ధతిలో తెలుగు పేరునంతా సంకేతాలుగా మార్చి పంపినప్పుడు చుక్క దాగిపోతుంది కనుక ఈ చిక్కు రాదు. రోమన్ లిపిలోనో, 6532 ప్రకారం నేరుగా తెలుగులోనో రాసినప్పుడు వస్తుంది.

కామా సంగతి ఇంకా తీవ్రం. గ్రంథాలయ సూచికలలోలాగ 'నారాయణరెడ్డి, సి.' అని రాస్తే, చిరునామాల జాబితాను కామాల దగ్గర కోసే ప్రోగ్రాము ఒక మనిషిని ఇద్దరిని చేస్తుంది. కొటేషన్ల లోపలి కామా విభజనచిహ్నం కాదని తెలిసేది పార్సర్‌కే. స్ట్రింగ్‌ను కోసే కత్తెరకు తెలియదు.

ఈమెయిల్-అడ్రస్ మాడ్యూల్‌ను ఇంతగా మెచ్చుకొన్న తరువాత, దానిలోని ఒక అంగాన్ని మాత్రం నేను సమర్థించలేను. ఆ ఆబ్జెక్టును 'నేమ్' అడిగితే, అది మొదట ఫ్రేజ్‌ను చూస్తుంది. అది లేకపోతే కామెంట్‌ను చూస్తుంది. అదీ లేకపోతే యూజర్ భాగాన్నే మనిషి పేరుగా చెప్తుంది. రెండవ మెట్టుకు చరిత్ర ఉంది. తొలి దశాబ్దాలలో చిరునామా రాసి, పక్కన కుండలీకరణాలలో మనిషి పేరు రాసే వాడుక ఉండేది. కావ్యం మీద కర్త పేరు లేనప్పుడు ఆశ్వాసాంత గద్యను చూడటం వంటిదే ఇది. మూడవ మెట్టు అలాంటిది కాదు. గద్య కూడా లేనప్పుడు తాళపత్రాల కట్ట మీద ఎవరో రాసిన గుర్తునే కవి పేరనుకోవడం అది. స్థానికభాగానికి అర్థం చెప్పే అధికారం దానిని స్వీకరించే హోస్టుకు మాత్రమే ఉందని 5321 పత్రం స్పష్టంగా విధించింది. మధ్యలో ఉన్న ఏ ప్రోగ్రామూ దానికి అర్థం కల్పించరాదు. పేరు తెలియనప్పుడు తెలియదని చెప్పగలగడం కూడా మంచి ఆబ్జెక్టు లక్షణమే. ఇంటిపేరు ముందూ సొంత పేరు వెనుకా ఉండే మన పేర్ల విషయంలో ఈ ఊహాగానం మరింత అనర్థదాయకం. స్థానికభాగంలో మొదటి పదాన్ని సొంత పేరనుకొని 'ప్రియమైన దేవులపల్లి' అని సంబోధించే యాంత్రిక ఉత్తరాలకు మూలం ఇలాంటి ఊహే.

4. గుణింతం లేని అక్షరం

బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలవుతుంది. సంధులు, సమాసాలు చెప్పడానికి ముందు చిన్నయసూరి వర్ణాలు ఎన్నో లెక్క చెప్పాడు. సంస్కృతానికి యాభై, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్పయ్యారు. ఆ ముప్పయ్యారులో నిండుసున్న, అరసున్న కూడా ఉన్నాయి. ఏది వర్ణమో తేల్చకుండా వ్యాకరణం ముందుకు సాగదన్న ఎరుక అందులో ఉంది. ప్రోగ్రామింగ్ భాషలకూ ఒక సంజ్ఞా పరిచ్ఛేదం ఉంది. కాకపోతే దానిని ఎవరూ చదవరు.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో 'పదంలో రాదగిన అక్షరం' అని చెప్పడానికి ఒక సంక్షిప్త సంజ్ఞ ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఆ సంజ్ఞకు అర్థం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కిందిగీత. అంతే. ఇది సంకుచితమైనా నిజాయితీ గలది. తెలుగు తన పరిధిలో లేదని నేరుగా చెప్తుంది. పైథాన్ పరిస్థితి చిత్రమైనది. అక్కడ ఆ సంజ్ఞ యూనికోడ్ లిపులన్నింటికీ వర్తిస్తుందని చెప్తారు. వర్తిస్తుంది కూడా, కాని ఒక షరతుతో: యూనికోడ్ పట్టికలో 'అక్షరం' లేక 'అంకె' అనే వర్గంలో చేరినవే దానికి అక్షరాలు. తెలుగు అచ్చులు, హల్లులు ఆ వర్గంలో ఉన్నాయి. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ 'చిహ్నం' అనే వేరే వర్గంలో ఉన్నాయి.

ఫలితాన్ని ఎవరైనా రెండు నిమిషాలలో పరీక్షించి చూడవచ్చు. 'తెలుగు' అన్న మాటను ఇచ్చి, పదాలను ఏరమని పైథాన్‌లోని ప్రామాణిక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్‌ను అడిగితే, అది మూడు 'పదాలు' ఇస్తుంది: త, ల, గ. 'రాముడు' ర, మ, డ అవుతాడు. 'గంగ'లోని సున్న జారిపోయి గ, గ మిగులుతాయి. భారతదేశానికి తెలుగు లిపిలో కేటాయించిన అగ్రస్థాయి డొమైన్ 'భారత్' సైతం భ, రత అని రెండు ముక్కలవుతుంది. హిందీలో అదే మాట చివర పొల్లు రాయరు. ఉచ్చారణలో అకారం లోపించినా రాతలో హల్లు అలాగే ఉంటుంది. తెలుగు ఉచ్చారణను నమ్మి రాసే లిపి కనుక పొల్లు తప్పదు. అందువల్ల హిందీ రూపం నాలుగు సంకేతబిందువులైతే తెలుగు రూపం అయిదు. ఆ అయిదవది ఈ సంజ్ఞ దృష్టిలో అక్షరమే కాదు.

ఇంకొందరు శ్రద్ధగల ప్రోగ్రామర్లు 'ఏ భాషలోని అక్షరమైనా' అనే అర్థం గల యూనికోడ్ సంజ్ఞను వాడతారు. సదుద్దేశం గల తప్పు ఇది. ఆ సంజ్ఞ కూడా 'అక్షరం' వర్గాన్నే పట్టుకొంటుంది, 'చిహ్నం' వర్గాన్ని వదిలేస్తుంది. గ్రీకు, రష్యన్, చైనీస్ పేర్లు సాధారణంగా గట్టెక్కుతాయి. తెలుగు, హిందీ, తమిళ పేర్లు ఆగిపోతాయి. అందరినీ పిలిచామని ప్రకటించిన పంక్తిలో కొందరికి విస్తరి వేయకపోవడం వంటిది ఇది. పైగా ఇది యూనికోడ్ సంస్థ చేసిన తప్పు కూడా కాదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లకు ఆ సంస్థ ప్రకటించిన 18వ సాంకేతిక ప్రమాణం, పదాక్షర సంజ్ఞలో చిహ్నాలను కూడా చేర్చమని, రెండు అక్షరాలు కలవకుండా ఆపే అదృశ్య గుర్తులను సైతం చేర్చమని స్పష్టంగా సూచించింది. పెర్ల్ ఆ సూచనను అనుసరిస్తుంది. అక్కడ 'తెలుగు' ఒకే పదం. అంటే ఇది అసాధ్యమైన పని కాదు. ఒక భాష చేసింది, మరొక భాష చేయలేదు.

ఇక్కడ వర్గీకరణను గురించి ఒక మాట. గుణింతపు గుర్తు హల్లు లేనిదే నిలవదు కనుక యూనికోడ్ దానిని 'చిహ్నం' అంది. లేఖనదృష్టితో ఇది సమంజసమే. కాని లేఖనదృష్టితో చేసిన విభజనను వర్ణదృష్టితో చేసిన విభజనగా పొరబడటం వల్లనే ఈ చిక్కు వచ్చింది. 'కి'లోని ఇకారం, పదాదిని వచ్చే 'ఇ' ఒకే వర్ణమని మన విద్యార్థికి మొదటి సంవత్సరంలోనే చెప్తాం. పట్టికలో మాత్రం ఒకటి అక్షరం, మరొకటి గుర్తు.

ఈ ఆలోచనతో చూస్తే ఆర్‌ఎఫ్‌సీ 6532 అనుసరించిన మార్గం విలువ తెలుస్తుంది. 5322 పత్రం స్థానికభాగంలో రాదగిన అక్షరాలను పేరు పేరునా పరిగణించింది: ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. 2014 అక్టోబరులో డబ్ల్యూ3సీ సిఫారసుగా వెలువడిన ఎచ్‌టీఎంఎల్5 కూడా దరఖాస్తు పత్రాలలోని ఈ-మెయిల్ గడికి ఇలాంటి పరిగణననే నియమంగా పెట్టింది. ఆర్‌ఎఫ్‌సీ వ్యాకరణాన్ని తాము ఉద్దేశపూర్వకంగానే ఉల్లంఘిస్తున్నామని దాని కర్తలు చెప్పుకొన్నారు. వ్యాఖ్యలు, కొటేషన్లు మామూలు మనుషులకు అక్కరలేదన్న వారి వాదన ఒప్పుకోదగినదే. కాని రెండేళ్ల ముందే తలుపు తెరుచుకొన్న లిపులను కూడా ఆ కారణంతోనే బయట నిలపడం ఒప్పుకోదగినది కాదు. 6532 మాత్రం పరిగణన మాని, ఇంగ్లీషేతరమైన ఏ యూనికోడ్ సంకేతమైనా రావచ్చునంది. ఏది అక్షరం, ఏది గుర్తు అన్న విచారణలోకి దిగలేదు. తనకు తెలియని లిపి విషయంలో తీర్పు చెప్పకుండా ఉండటమే ఆ సూత్రం గొప్పదనం.

5. అరవై నాలుగు ఆక్టెట్లలో తొమ్మిది అక్షరాలు

స్థానికభాగం పొడవు 64 ఆక్టెట్లు దాటరాదని 5321 నియమం. రోమన్ లిపిలో ఒక అక్షరానికి ఒక ఆక్టెట్ కనుక అది 64 అక్షరాల చోటు. తెలుగులో ప్రతి సంకేతబిందువుకూ యూటీఎఫ్-8లో మూడు ఆక్టెట్లు కావాలి. అంటే 21 సంకేతబిందువుల చోటు. అవి కూడా ఛందస్సులో మనం లెక్కించే అక్షరాలు కావు. హల్లు ఒకటి, పొల్లు ఒకటి, వత్తుగా మారే హల్లు ఒకటి, గుణింతం ఒకటి.

ఉదాహరణకు దేవులపల్లి కృష్ణశాస్త్రి పేరును చుక్కతో కలిపి స్థానికభాగంగా రాశామనుకొందాం. ఇంటిపేరులో 10 సంకేతబిందువులు, సొంత పేరులో 13. మొత్తం 23 మూళ్లు 69, చుక్కకు ఒకటి, 70 ఆక్టెట్లు. హద్దు దాటింది. చెవికి వినబడేవి తొమ్మిది అక్షరాలే: దే, వు, ల, ప, ల్లి, కృ, ష్ణ, శా, స్త్రి. అదే పేరు రోమన్ లిపిలో చుక్కతో కలిపి 25 ఆక్టెట్లు. సంయుక్తాక్షరాలు అంతగా లేని విశ్వనాథ సత్యనారాయణ పేరు 18 సంకేతబిందువులతో, చుక్కతో కలిపి 55 ఆక్టెట్లలో ఇముడుతుంది. ఏ పేరు ఇముడుతుందో, ఏది ఇమడదో సంయుక్తాలు నిర్ణయిస్తున్నాయి. పరిమితులు లేని విధంగా ప్రోగ్రాములు రాయడం మేలని అదే పత్రం సలహా కూడా ఇచ్చింది. అయినా పంపేవారు ఆ ఔదార్యాన్ని నమ్ముకోలేరు. అవతలి యంత్రం దానిని పాటిస్తుందన్న భరోసా లేదు.

చిరునామాను ఆబ్జెక్టుగా నిర్మించేవారు 'పొడవు' అనే గుణాన్ని ఇచ్చేటప్పుడు ఏ పొడవో చెప్పక తప్పదు: ఆక్టెట్లా, సంకేతబిందువులా, చదువరి చూసే అక్షరాలా? దరఖాస్తు పత్రం 'ఇంకా ఇన్ని అక్షరాలు రాయవచ్చు' అని చూపించే అంకెకూ, వెనుక యంత్రం లెక్కించే అంకెకూ పొత్తు కుదరకపోతే, పేరు సగంలో తెగుతుంది. తెగినది సంకేతబిందువు మధ్యలో అయితే మిగిలేది పేరు కూడా కాదు.

6. ఒకే చిరునామానా, రెండా?

ఆబ్జెక్టును గురించిన ప్రశ్నలలో కఠినమైనది సమానత్వం. రెండు చిరునామాలు ఒకటేనని ఎప్పుడు చెప్పగలం? డొమైన్ విషయంలో పెద్ద బడి, చిన్న బడి అక్షరాల భేదం లేదు. స్థానికభాగంలో మాత్రం, ఆచరణ ఎలా ఉన్నా, శాస్త్రరీత్యా భేదం ఉంది. తెలుగు లిపికి పెద్ద, చిన్న అక్షరాలు లేవు కనుక ఈ గొడవ లేదని సంతోషించవచ్చు. మన గొడవలు వేరు.

'శైలజ' అన్న పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు. ఐత్వానికి ఒకే సంకేతబిందువు ఉంది. ఎత్వం, దాని కింద చేర్చే ఐత్వపు పొడిగింపు గుర్తు అని రెండు సంకేతబిందువులుగానూ రాయవచ్చు. కంటికి భేదం లేదు. యంత్రానికి ఒకటి నాలుగు బిందువుల పేరు, మరొకటి అయిదు బిందువుల పేరు. వీటిని ఒకే రూపానికి తెచ్చే పద్ధతిని నార్మలైజేషన్ అంటారు; ఎన్‌ఎఫ్‌సీ అనే రూపంలో రెండూ ఒకే ఐత్వంగా మారుతాయి. 6532 పత్రం ఆ రూపాన్ని వాడమని సిఫారసు చేసింది. స్ట్రింగులను నేరుగా పోల్చే ప్రోగ్రాము ఈ శైలజలను ఇద్దరనుకొంటుంది. ఆబ్జెక్టు తాను ఏర్పడే క్షణంలోనే నార్మలైజ్ చేసుకొంటే ఈ ప్రమాదం ఉండదు. ఈ పని సరిగ్గా ఆబ్జెక్టు నిర్మాణంలోనే జరగాలి. పోల్చిన ప్రతిచోటా గుర్తుంచుకొని చేయమంటే ఎక్కడో ఒకచోట మరచిపోవడం ఖాయం.

నార్మలైజేషన్‌కు లొంగని ఇబ్బంది మరొకటి. 'రామ్‌కుమార్' అని రాసేటప్పుడు మకారపు పొల్లు తరువాత, కకారం వత్తుగా మారకుండా, ఒక అదృశ్య సంకేతాన్ని ఉంచుతాం. అది లేకపోతే 'రామ్కుమార్' అని కనబడుతుంది. ఆధునిక తెలుగు రాతలో, ముఖ్యంగా అన్యదేశ్యాలలో, ఈ అదృశ్య సంకేతం అడుగడుగునా ఉంటుంది. ఈ వ్యాసంలోనే ఎన్నోసార్లు వచ్చింది. డొమైన్ పేర్ల ప్రమాణం 2003 రూపంలో దానిని తీసిపారేసేవారు. 2010 నాటి సవరణలో పొల్లు తరువాత వస్తే అనుమతించారు. అగ్రస్థాయి డొమైన్లలో ఇప్పటికీ నిషిద్ధం. స్థానికభాగం విషయంలో పైన చెప్పిన ఔదార్యం వల్ల ఏ నిబంధనా లేదు. కాబట్టి ఒకే హోస్టులో ఈ రెండు రాతలూ ఇద్దరు వేర్వేరు మనుషులవి కావచ్చు. ఒకరికి రాసిన ఉత్తరం మరొకరికి చేరవచ్చు. కావాలని అలా చేర్పించుకొనేవారూ ఉండవచ్చు. తెలుగు, కన్నడ లిపుల పుట్టుక ఒకటే కావడం వల్ల ర, ల, జ వంటి అక్షరాలూ సున్నా రెండింటిలోనూ చాలా దగ్గరగా ఉంటాయి. ఒక అక్షరాన్ని పక్క లిపి నుంచి తెచ్చి పెడితే కనిపెట్టడం కష్టం. 6532 సూత్రంలోని ఔదార్యాన్ని పైన ప్రశంసించాను; దాని మూల్యం ఇది.

దీనికి పరిష్కారం నమూనాను మళ్లీ బిగించడం కాదు. చదివేటప్పుడు స్వీకరించాలి, కొత్త చిరునామా కేటాయించేటప్పుడు హోస్టు కఠినంగా ఉండాలి. 'రామ్‌కుమార్' ఒకరికి ఇచ్చాక 'రామ్కుమార్' మరొకరికి ఇవ్వకూడదన్న నియమం హోస్టు పెట్టుకోవలసింది. మధ్యలోని దరఖాస్తు పత్రం పెట్టవలసింది కాదు. ఆర్షప్రయోగం సందర్భంలో చెప్పిన పఠన-రచన భేదమే ఇక్కడా వర్తిస్తుంది.

ఇలాంటి నియమాలు రాయడానికి ఏ రెండు రాతలను తెలుగు చదువరి ఒకటిగా చూస్తాడో చెప్పగలవారు కావాలి. అరసున్న ఉన్న పేరు, లేని పేరు ఒకటా? 'ఱ', 'ర'ల భేదం పాటించే కుటుంబాలలో 'ఱంపపు'కు, 'రంపపు'కు భేదం ఉందా? 'పద్మ' అని రాసుకొనేవారు, 'పద్మా' అని రాసుకొనేవారు ఇద్దరా? కోడ్‌బిందువుల పట్టిక వీటికి జవాబు చెప్పదు. తెలుగు శాఖలలో పరిశోధకులు ఇంటిపేర్లపై, వ్యక్తినామాలపై ఇప్పటికే ఎంతో సామగ్రి సేకరించారు. అందులోంచి సంయుక్తాలు ఎక్కువైనవి, ఐత్వం ఉన్నవి, పొల్లుతో ముగిసేవి, పొల్లు మధ్యలో వచ్చేవి, సున్నలు ఉన్నవి, పొడి అక్షరాలతో రాసేవి ఏరి, ప్రోగ్రాములకు పరీక్షగా పెట్టదగిన ఒక పేర్ల జాబితా తయారు చేయవచ్చు. దానిలో ప్రతి పేరుకూ ఎన్ని ఆక్టెట్లో, ఎన్ని సంకేతబిందువులో, ఎన్ని అక్షరాలో మూడు అంకెలు ఉండాలి. వాడుకలో ఏ ఇతర రాతలను దానికి సమానంగా చూస్తారో నాలుగవ గడిలో రాయాలి. మొదటి మూడూ యంత్రమే లెక్క కడుతుంది. నాలుగవ గడి నింపడం మన పని.